అల్కట్రాజ్ జైలుకు గోడ ఎక్కడ?

రెండు కిలోమీటర్లు ఈదడం అంత కష్టమా? గోదావరి గట్టున పుట్టి పెరిగిన వాళ్ళనడిగితే నవ్వుతారు. రాజమండ్రి దగ్గర నది వెడల్పే అంతకంటే ఎక్కువ. బాగా ఈత వచ్చిన వాడికి అదొక గంట పని.

అయితే ఈ సంగతి వినండి. అమెరికా పశ్చిమ తీరంలో శాన్ ఫ్రాన్సిస్కో నగరం ఉంది. దాని ఎదుట, ఒడ్డుకు సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో, అఖాతం నడుమ అల్కట్రాజ్ అనే రాతి దీవి ఉంది. విస్తీర్ణం 22 ఎకరాలు. అంటే మన పల్లెల్లో ఒక మోస్తరు రైతు పొలమంత. ఇతర జైళ్ళలో అదుపు చేయలేకపోయిన ఖైదీలను 1934 నుంచి 1963 వరకు అక్కడ పెట్టేవారు. ఆ 29 ఏళ్ళలో 36 మంది మొత్తం 14 సార్లు పారిపోవడానికి ప్రయత్నించారు. వారిలో పారిపోయి బతికి బయటపడ్డాడని రుజువైన వాడు ఒక్కడూ లేడు. రాత్రయితే ఎదురుగా నగరం దీపాలు మిలమిల మెరుస్తూ కనిపించేవి. అంత దగ్గర!

వాళ్ళకు అడ్డం వచ్చినవి ఇనుప చువ్వలూ, తుపాకులూ మాత్రమేనా? కాదు. వాటిని దాటి నీళ్ళ దాకా చేరిన వాళ్ళూ ఉన్నారు. ఆ నీళ్ళలో ఏముందో తెలియాలంటే ముందు మనం నీళ్ళలోకి తొంగి చూడాలి. ఆ ఏర్పాటు కూడా ఆ రేవులోనే ఉంది. 39వ నంబరు రేవులో అక్వేరియం ఆఫ్ ది బే అనే చేపల ప్రదర్శనశాల. అక్కడి నుంచి గట్టు వెంట పది నిమిషాలు నడిస్తే 33వ నంబరు రేవు. అల్కట్రాజ్‌కు వెళ్ళే పడవ బయలుదేరేది అక్కడే. ఒక్క రోజులో రెండూ చూడవచ్చు. చాలామంది జైలు ముందు చూసి, కాళ్ళు నొప్పులు పుట్టాక అక్వేరియంలోకి వస్తారు. మీరు అలా చేయకండి. ఉదయం అక్వేరియం, మధ్యాహ్నం జైలు. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఉదయం: నీటి కింద

ఈ అక్వేరియంలో ఒక ప్రత్యేకత ఉంది. ఎక్కడెక్కడి సముద్రాల నుంచో తెచ్చిన రంగురంగుల చేపలను చూడాలనుకుంటే నిరాశ తప్పదు. ఇక్కడున్నవి చాలావరకు ఆ అఖాతంలోనూ, దాని చుట్టుపక్కల నీళ్ళలోనూ బతికే ప్రాణులు. పెద్ద తొట్లలో నింపిన నీరు కూడా అఖాతం నుంచి తోడి వడకట్టినదే. సుమారు 7 లక్షల గ్యాలన్లు, అంటే 26 లక్షల లీటర్ల పైచిలుకు. ఆ తొట్ల అడుగున 300 అడుగుల పొడవున పారదర్శకమైన సొరంగాలు ఉన్నాయి. మీరు నడుస్తుంటే తల మీదుగా చేపలు పోతుంటాయి.

ఆ సొరంగం గాజుది కాదు, ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్‌ది. అది ఎంత బరువు మోస్తోందో లెక్క వేయండి. ఒక ఘనమీటరు నీటి బరువు ఒక టన్ను. మూడు మీటర్ల లోతున ఒక చదరపు మీటరు మీద మూడు టన్నుల బరువు ఉంటుంది. ఉప్పు నీరు కనుక ఇంకాస్త ఎక్కువే. మీరు తలెత్తి నోరు తెరుచుకుని చూస్తున్నంత సేపూ ఆ చదరపు మీటరు మీద ఒక ఏనుగు నిలబడి ఉన్నట్టే!

తలపైన పోతున్న ఆ పొడుగాటి చేపను చూడండి. అది సొర. మొప్పల చీలికలు లెక్కపెట్టండి. చాలా సొరచేపలకు ఒక్కో పక్క ఐదే ఉంటాయి. దీనికి ఏడు. అందుకే దాన్ని ఏడు మొప్పల సొర అంటారు. మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. ఒంటిమీద చిరుతపులి మచ్చలున్నది చిరుత సొర. అది అడుగున తిరుగుతూ పీతలనూ, పురుగులనూ, ఆల్చిప్పలనూ తింటుంది. రెక్కలు ఆడిస్తూ పక్షిలా పోయే వెడల్పాటి చేప టేకు జాతిది. గుల్లలను పటపట నమిలి పిండి చేసే దంతాలు దానివి. ఇక ఒక తొట్టిలో వెండి జలతారులా తిరుగుతున్న చిన్న చేపల గుంపు ఉంది. అవేమిటో గుర్తుపట్టారా? మన తీరంలో ఎండబెట్టి అమ్మే నెత్తళ్ళకు దగ్గర చుట్టాలు!

అల్కట్రాజ్ నీళ్ళలో మనుషులను తినే సొరచేపలు తిరుగుతుంటాయని ఖైదీలలో ఒక పుకారు ఉండేది. జైలు అధికారులకు ఆ పుకారు వల్ల నష్టమేమీ లేదు గదా! కాని నీళ్ళలో దిగిన ఏ ఖైదీనీ సొర తిన్నట్టు ఆధారం లేదు. అఖాతంలో మామూలుగా ఉండే సొరలు మీరిప్పుడు చూసినవే. పెద్ద తెల్ల సొర బయటి సముద్రపు జంతువు, లోపలికి రావడం అరుదు. 2015 అక్టోబరులో ఒకటి అల్కట్రాజ్ రేవు పక్కనే ఒక సీల్‌ను పట్టడం సందర్శకులు వీడియో తీశారు. అదే పెద్ద వార్త అయిందంటే ఎంత అరుదో ఊహించుకోండి. కనుక సొరలను మన లెక్కలోంచి తీసేద్దాం.

మరి ఇంత జీవం ఈ అఖాతంలో ఎలా పుట్టింది? జవాబు చేపల్లో లేదు, థర్మామీటరులో ఉంది. ఇక్కడి నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మన విశాఖ తీరంలో అయితే దాదాపు 28 డిగ్రీలు. ఎండ కాసే కాలిఫోర్నియాలో సముద్రం ఇంత చల్లగా ఎందుకుంది?

వసంతకాలంలోనూ, వేసవిలోనూ ఆ తీరం వెంట వాయవ్య దిశ నుంచి బలమైన గాలి వీస్తుంది. గాలి పై నీటిని ముందుకు తోస్తుంది. కాని భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది గనుక ఉత్తరార్ధగోళంలో కదిలే నీరు కుడివైపుకు మళ్ళుతుంది. అక్కడ కుడి అంటే పడమర, అంటే నడి సముద్రం. తీరం దగ్గర పై నీరు అలా తొలగిపోతే ఆ ఖాళీ ఎలా నిండాలి? లోతునున్న చల్లని నీరు పైకి ఉబికి వస్తుంది. అడుగున నీటిలో కుళ్ళి కరిగిన ప్రాణుల అవశేషాల నుంచి వచ్చిన నైట్రేట్లు, ఫాస్ఫేట్లు దండిగా ఉంటాయి. పొలానికి ఎరువు వేసినట్టే! ఆ ఎరువు అందుకుని కంటికి కనిపించని ప్లవకాలు పెరుగుతాయి. ప్లవకాలను నెత్తళ్ళు తింటాయి, నెత్తళ్ళను పెద్ద చేపలు, వాటిని సముద్ర సింహాలు, సొరలు. ఈ గొలుసంతా ఆ చలి మీద ఆధారపడి ఉంది.

ఇలా నీరు ఉబకడం మన తీరంలోనూ కొన్ని నెలలు జరుగుతుంది. దాన్ని మొదట్లో పరిశీలించిన వారిలో ఒకరు కాలిఫోర్నియా నుంచి వచ్చినవారే కావడం విశేషం. లాఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు 1950 దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ విశాఖ సముద్రంలో ఈ విషయం మీద పరిశోధనలు చేశారు.

సరే, ఇంత చలిలో చేప ఎందుకు చావదు? చేప శరీరం నీటి ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. నీరు 12 డిగ్రీలయితే దానికి రమారమి 12 డిగ్రీలే. పోగొట్టుకోవడానికి దాని దగ్గర వేడి లేదు. బయట రేవులో చెక్క తెప్పల మీద పడుకుని అరిచే సముద్ర సింహాలు మనలాగే వేడి రక్తపు జంతువులు. (1989 చివర, 1990 మొదట గుంపులు గుంపులుగా వచ్చి పడవలు కట్టుకునే చోటు ఆక్రమించాయి. మనుషులే పడవలు తీసేసి వాటికి దారి ఇచ్చారు!) వాటికి చర్మం కింద దళసరి కొవ్వు పొర ఉంది. మనిషికి చేప ఉపాయమూ లేదు, సముద్ర సింహం ఉపాయమూ లేదు. 37 డిగ్రీల వేడి శరీరం, పైన పల్చని చర్మం. ఈ ఒక్క విషయం జేబులో వేసుకుని పడవ ఎక్కండి.

మధ్యాహ్నం: నీటి పైన

పడవ ప్రయాణం పావుగంట లోపే. దీవికి ఆ పేరు పక్షుల వల్ల వచ్చింది. 1775లో అయాలా అనే స్పానిష్ నావికుడు ఈ అఖాతంలోకి వచ్చి అల్కట్రాసెస్ దీవి అని పేరు పెట్టాడు. స్పానిష్‌లో ఆ మాటకు అప్పట్లో సముద్రపు గూడబాతుల్లాంటి పక్షులని అర్థం చెబుతారు. నేలపట్టులో గూడబాతులను చూసిన వాళ్ళకు ఈ పేరు సులభంగా గుర్తుంటుంది. 1854లో ఇక్కడ వెలిగించిన దీపస్తంభం అమెరికా పసిఫిక్ తీరంలో మొట్టమొదటిది. తరువాత కోట, సైనిక జైలు, చివరకు 1934లో మన కథలోని జైలు. 1973 నుంచి సందర్శకులను రానిస్తున్నారు.

జైలు భవనం 1912లో పూర్తయిన కాంక్రీటు కట్టడం. కట్టినవాళ్ళు కూడా అప్పటి సైనిక ఖైదీలే. లోపల మూడంతస్తులుగా గదులు. ఒక గదిలోకి వెళ్ళి నిలబడండి: వెడల్పు 5 అడుగులు, పొడవు 9 అడుగులు, ఎత్తు 7 అడుగులు. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక మంచం, ఒక తొట్టి, ఒక మరుగుదొడ్డి. గదికి ఒక్కడే.

వెనుక గోడ కింద చిన్న గాలి కన్నం ఉంది చూశారా? 1962లో ఫ్రాంక్ మోరిస్, జాన్ ఆంగ్లిన్, క్లారెన్స్ ఆంగ్లిన్ అనే ముగ్గురు ఖైదీలు ఆ కన్నం గుండానే పోయారు. నెలల తరబడి చెంచాలతో, పాడైన వాక్యూమ్ క్లీనర్ మోటారుతో చేసుకున్న బర్మాతో కన్నం చుట్టూ కాంక్రీటు తొలిచారు. అప్పటికి ఆ కాంక్రీటు యాభై ఏళ్ళు ఉప్పుగాలిలో నానింది. మంచం మీద కాగితపు గుజ్జుతో చేసిన తలకాయలు పెట్టారు. వాటికి క్షౌరశాలలో ఏరిన నిజమైన వెంట్రుకలు అతికించారు. రాత్రి కాపలావాడు చూస్తే నిద్రపోతున్నట్టే ఉంటుంది. యాభైకి పైగా వానకోట్లు పోగుచేసి తెప్ప కుట్టారు. అతుకులను వేడి ఆవిరి గొట్టాలకు ఆనించి కరిగించి అంటించారు. గాలి ఊదడానికి ఒక చిన్న వాయిద్యపు తిత్తిని వాడుకున్నారు. నేరస్తులను మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. కాని ఆ చేతిపని చూస్తే ఏ పాఠశాల ప్రయోగశాలలోనైనా మొదటి బహుమతి వస్తుందనిపిస్తుంది. జూన్ 11 రాత్రి వాళ్ళు నీళ్ళలోకి దిగారు. తెల్లవారి చూస్తే గదుల్లో తలకాయలే ఉన్నాయి.

ఆ తరువాత వారిని చూసినవారు లేరు. ఒక తెడ్డు, నీళ్ళు చొరకుండా చుట్టిన ఉత్తరాల పొట్లం, ప్రాణరక్షణ తొడుగు దొరికాయి. 1979 చివరలో దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. కేసు మూసేసి, వేరే శాఖకు అప్పగించింది.

ఇప్పుడు మెట్లు దిగి ఒడ్డుకు రండి. లెక్క చేద్దాం.

ఎదురుగా నగరం. దూరం 2 కిలోమీటర్లు. మన ఈతగాడి వేగం గంటకు 3 కిలోమీటర్లు అనుకోండి. నీరు నిలకడగా ఉంటే 40 నిమిషాల్లో చేరాలి. కాని పడమర దిక్కున గోల్డెన్ గేట్ అనే ద్వారం ఉంది చూడండి, ఎర్రని వంతెన కింద. ఇంత పెద్ద అఖాతానికి సముద్రంతో ఉన్న దారి అదొక్కటే. ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 1.6 కిలోమీటర్లు. పోటు వచ్చినప్పుడు సముద్రమంతా ఆ సందులోంచి లోపలికి తోసుకొస్తుంది. ఆటు వచ్చినప్పుడు అఖాతం నీరు, అందులో కలిసిన నదుల నీరు, అంతా ఆ సందులోంచే బయటకు పరుగెత్తుతుంది. అల్కట్రాజ్ ఆ దారికి అడ్డంగా కూర్చుని ఉంది.

ఆటు సమయంలో ప్రవాహం గంటకు 4 కిలోమీటర్ల వేగంతో పడమరకు పోతోందనుకుందాం. ఈతగాడు నేరుగా దక్షిణాన ఉన్న నగరం వైపు ఈదుతున్నాడు. మీ భౌతికశాస్త్రంలో చదివిన ఫలిత వేగం గుర్తుందా? లంబకోణంలో 3, 4 కలిస్తే ఫలితం 5. గంటకు 5 కిలోమీటర్ల వేగం! కాని ఎటు? నగరం వైపు కాదు, పడమర వైపు 53 డిగ్రీలు పక్కకు తిరిగి. 40 నిమిషాల్లో అతను రెండు కిలోమీటర్లు దక్షిణంగా వచ్చేలోగా రెండు కిలోమీటర్ల ఆరు వందల మీటర్లకు పైగా సముద్రం వైపు కొట్టుకుపోయి ఉంటాడు. వంతెన అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లే. కాస్త అలసి వేగం తగ్గిందా, ఇక కొట్టుకుపోయేది పసిఫిక్‌లోకే.

ప్రవాహానికి ఎదురుగా వాలుగా ఈదితే నేరుగా చేరవచ్చు గదా అని మీలో ఎవరో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. నది దాటే పడవవాళ్ళు చేసేదీ అదే. కాని దానికొక షరతు ఉంది: ఈతగాడి వేగం ప్రవాహ వేగం కంటే ఎక్కువ ఉండాలి. 3 కిలోమీటర్ల వాడు 4 కిలోమీటర్ల ప్రవాహంలో ఏ కోణంలో ఈదినా ఎదుటి బిందువుకు చేరలేడు. కాగితం మీద బొమ్మ గీసి చూడండి, త్రిభుజం మూతపడదు.

అయితే ఈ గోడకు తలుపులు లేవా? ఉన్నాయి. రోజుకు సుమారు రెండు పోట్లు, రెండు ఆటులు. ఒకటి ముగిసి రెండోది మొదలయ్యే మధ్య కాసేపు ప్రవాహం దాదాపు ఆగిపోతుంది. ఆ వేళ ఎప్పుడో ముందుగా లెక్క కట్టి పట్టికలు అచ్చువేస్తారు. పట్టిక చూసుకుని దిగితే దాటవచ్చునని 1933లోనే తేలింది. దీవిలో ఉద్యోగం చేస్తున్న ఒక సైనికుడి కూతురు, పదిహేడేళ్ళ అనస్తేసియా స్కాట్, అల్కట్రాజ్ నుంచి ఒడ్డుకు 43 నిమిషాల్లో ఈదింది. మనం లెక్క వేసిన 40 నిమిషాలకు ఎంత దగ్గరో చూశారా? 1981 నుంచి ఈ దారిలో పోటీలే జరుగుతున్నాయి. వాళ్ళకు సాధన ఉంది, వెంట పడవలున్నాయి, చేతిలో పట్టిక ఉంది. చాలామందికి రబ్బరు దుస్తులూ ఉంటాయి. అర్ధరాత్రి కన్నంలోంచి పాకి వచ్చిన ఖైదీకి వీటిలో ఏముంది?

ఇప్పుడు జేబులో వేసుకున్న విషయం బయటకు తీయండి. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. 12 డిగ్రీల నీళ్ళలో దూకిన వాడికి మొదటి రెండు మూడు నిమిషాలు ఊపిరి చేతిలో ఉండదు. ఎగశ్వాస పట్టి నోట్లోకి నీళ్ళు పోతాయి. అది గడిస్తే పది నిమిషాల నుంచి అరగంట లోపల చేతులూ కాళ్ళూ చెప్పిన మాట వినడం మానేస్తాయి. శరీరం గుండెను, మెదడును కాపాడుకోవడానికి రక్తాన్ని లోపలికి లాక్కుంటుంది; కండరాలు చల్లబడి బిగుసుకుంటాయి. శరీరం లోపలి ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోవడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. కాని చాలామంది అంతదాకా ఉండరు. చలికి కాదు, ఈదలేక మునిగిపోతారు. జైలులో స్నానానికి వేడినీళ్ళు ఇచ్చేవారు. ఖైదీల శరీరం చలికి అలవాటు పడకూడదనే ఇచ్చేవారని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గాని, శరీరధర్మ శాస్త్రం తెలిసినవాడు అల్లిన కథే.

ప్రవాహం, చలి కలిస్తే ఏమవుతుందో ఆ ఏడాది డిసెంబరు 16న తేలింది. జాన్ పాల్ స్కాట్ అనే ఖైదీ (పైన చెప్పిన అమ్మాయికి ఇతనితో సంబంధం లేదు) రబ్బరు చేతితొడుగుల్లో గాలి నింపి నడుముకు కట్టుకుని దూకాడు. నగరం వైపు కాదు, సరిగ్గా మన లెక్క చెప్పినట్టు పడమరకు కొట్టుకుపోయి వంతెన కిందున్న రాళ్ళ మీద తేలాడు. కొందరు కుర్రవాళ్ళు చూసి కబురు పెట్టారు. ప్రాణం ఉంది గాని లేచి నడిచే శక్తి లేదు. ఆసుపత్రి నుంచి మళ్ళీ జైలుకే పంపారు.

మరి ఆ ముగ్గురి సంగతి? 2014లో నెదర్లాండ్స్‌కు చెందిన ముగ్గురు పరిశోధకులు ఆ రాత్రి అఖాతంలోని ప్రవాహాలను కంప్యూటరులో మళ్ళీ నడిపించారు. రాత్రి 8 గంటల నుంచి తెల్లవారుజాము 4 గంటల వరకు, అరగంటకొకసారి, అల్కట్రాజ్ నుంచి ఊహాతెప్పలను వదిలారు. పదకొండుకు ముందు వదిలిన తెప్పలు వంతెన కిందుగా సముద్రంలోకి పోయాయి. అర్ధరాత్రి బాగా దాటాక వదిలినవి అఖాతం లోపలికే తిరిగి వచ్చాయి. పదకొండుకూ పన్నెండుకూ మధ్య వదిలిన తెప్పలో గట్టిగా తెడ్డు వేస్తే, వంతెనకు ఉత్తరాన హార్స్‌షూ అనే చిన్న మలుపు దగ్గర ఒడ్డు అందుతుంది. ఆ తరువాత వదిలేసిన సామాను ఏంజెల్ దీవి వైపు తేలి పోతుంది. నిజమైన తెడ్డు దొరికింది ఆ దీవి దగ్గరే! అయినా ఇది సాధ్యమని చెప్పింది గాని జరిగిందని చెప్పలేదు. పరిశోధకులు కూడా అంతకు మించి అనలేదు. ఆ గంటలోనే దిగారా లేదా అన్నది ఆ ముగ్గురికే తెలియాలి.

జైలు 1963 మార్చి 21న మూతపడింది. ఎందుకో తెలుసా? ఖర్చు. ఒక్కో ఖైదీకి రోజుకు పది డాలర్లు అయ్యేది. అట్లాంటా జైలులో మూడే. దీవిలో తాగే నీటి చుక్క లేదు, చుట్టూ నీళ్ళున్నా మంచినీళ్ళు పడవల్లో మోయాలి. దానికి తోడు కట్టడం పాడైపోయింది. ఉప్పుతేమ కాంక్రీటు సందుల్లోంచి లోపలి ఇనుప చువ్వలను చేరుతుంది. చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, లోపలి నుంచి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. విశాఖ బీచి రోడ్డులో పాత మేడల బాల్కనీల కింద పెచ్చులూడి ఎర్రటి చువ్వలు కనిపించడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా అదే.

తిరుగు పడవలో చలిగాలి కొడుతుంది, ఉన్ని చొక్కా మరచిపోకండి. ఇంటికి వచ్చాక ఒక ప్రయోగం చేయండి. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకోండి. బకెట్టు నీళ్ళలో మంచు ముక్కలు వేసి, థర్మామీటరు 12 డిగ్రీలు చూపేదాకా కలపండి. ముందు ఒక కాగితం మీద మీ సంతకం చేయండి. తరువాత రాసే చేతిని మణికట్టు దాటేదాకా రెండు నిమిషాలు ముంచండి, అంతకు మించి వద్దు. చేయి తుడుచుకుని వెంటనే మళ్ళీ సంతకం చేయండి. చొక్కా గుండీ ఒకటి పెట్టి చూడండి. రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టుకోండి. రెండు నిమిషాల్లో ఈతగాడు వంద మీటర్లు వచ్చాడు. ఇంకా వెయ్యిన్ని తొమ్మిది వందల మీటర్లు ఉంది.